నీళ్ళకి మొహమాటం ఉండదండీ

మొన్న ఆదివారం ఒక కొండకి నీడ వేస్తూ కూర్చున్నాను. మంగళగిరి నుంచి మామ్మగారు ఫోన్ చేశారు. మా ఇంటి కింది పోర్షన్లో ఆరేళ్ళు అద్దెకున్న ట్రేసరు గారి భార్య ఆవిడ. గురువారం తెల్లవారుజామున ఆయన పోయారట. నిద్రలోనేనట. గురువారం పోతే ఆదివారం చెప్పడమేంటండీ అన్నాను, కోపం ఆపుకోలేక. ఎవరి పనులూ చెడగొట్టద్దని ఆయన ముందే అన్నారట. అందులోనూ నాకు అస్సలు చెప్పద్దన్నారట, ఆ అమ్మాయికి డెడ్‌లైన్లుంటాయి పాపం అని. డెడ్‌లైన్ అనే మాట ఆయనకి నేర్పింది నేనే. ఫోన్ పెట్టేసి కాసేపు ఏడ్చాను, తర్వాత కాసేపు ఆయన్ని తిట్టుకున్నాను. పోయేటప్పుడు కూడా ఇంత మొహమాటమేంటి ఈ మనిషికి?

ఆయన గురించి చెప్పాలంటే ముందు నా పని గురించి చెప్పాలి. నేను లేని దేశాలకి మ్యాపులు గీస్తాను. కంప్యూటర్లో ఆడే ఆటలుంటాయి కదా, రాజులూ రాక్షసులూ కోటలూ ఉండేవి, వాటికి. ఆడేవాడు ఏ అడవి దాటి ఏ ఊరికి పోవాలో, ఏ నది మీద వంతెన ఉందో చూపించే బొమ్మ నేను గీయాలి. ఇదీ ఒక ఉద్యోగమేనా అని అడగని బంధువు లేరు మాకు. నాన్న మాత్రం అడగలేదు, గడువు పెట్టారు. హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ ఉద్యోగం మానేసి వచ్చి పటమటలో మా ఇంటి మేడ మీద గదిలో మకాం పెట్టిన రోజే చెప్పేశారు, ఉగాది దాకా చూస్తాను, అప్పటికీ ఇది నిలబడకపోతే బుద్ధిగా బ్యాంకు పరీక్షలు రాయాలి అని. ఊరికే చెప్పి ఊరుకోలేదు, పుస్తకాలు కూడా కొనుక్కొచ్చి నా టేబుల్ మీద పెట్టారు. కాలేజీలో కామర్స్ చెప్పే మనిషి, అన్నీ పద్ధతిగా చేస్తారు.

నాకొచ్చిన మొదటి పెద్ద పని ఒక ద్వీపం. అది నచ్చితే ఇంకో ఐదు ద్వీపాలు నాకే ఇస్తామన్నారు ఆ గేము తయారుచేసేవాళ్ళు. అంటే రెండేళ్ళ పని, నాన్న నోరు మూయించడానికి సరిపడా. రెండుసార్లు గీసి పంపాను, రెండుసార్లూ తిప్పి పంపారు. కొండలు బాగున్నాయి, అడవులు బాగున్నాయి, నదులు మాత్రం నదుల్లా లేవు అని రాశారు. నది నదిలా కాకపోతే ఇంకెలా ఉంటుందో నాకు అర్థమై చావలేదు. మూడోసారి కూడా కుదరకపోతే వేరేవాళ్ళకిస్తామని ఎంతో మర్యాదగా చెప్పారు. ఉగాదికి అప్పటికి ఆరు వారాలుంది.

ట్రేసరు గారు రోజూ సాయంత్రం నాలుగున్నరకి మేడ మీదికొచ్చి నలభై రౌండ్లు తిరిగేవారు. ఎండలో తిరిగినా సరే ఇస్త్రీ చొక్కా, జేబులో రెండు పెన్నులు. ఒక గవర్నమెంటు ఆఫీసులో ముప్ఫై నాలుగేళ్ళు ట్రేసరుగా చేసి రిటైరయ్యారు. ట్రేసరంటే, ఇంజనీర్లు గీసిన ప్లాను మీద పల్చటి గుడ్డ పరిచి, కింద కనిపించే గీతల మీదే ఇంకుతో మళ్ళీ గీసేవాడు. జిల్లాలో ఉన్న కాలవలూ డ్రెయిన్లూ వాగులూ అన్నీ ఆయన చేతి కిందుగా పోయినవే. సొంతంగా గీసింది ఒక్కటి కూడా లేదు, ఆయనే చెప్పారు.

నాలుగు రోజుల పాటు ఆయన నా కిటికీ దగ్గరికి రాగానే నడక నెమ్మదించడం చూశాను. లోపలికి తొంగిచూడ్డం, తల దించుకుని వెళ్ళిపోవడం. ఐదో రోజు ఆగారు. గొంతు సవరించుకున్నారు. ఏమీ అనుకోనంటే ఒక్క మాట అడగచ్చా అన్నారు. నాకంటే నలభై ఐదేళ్ళు పెద్దాయన, నన్ను అమ్మాయి గారూ అనేవారు. ఆ గారు తీసెయ్యమని అమ్మ ఎన్నిసార్లు చెప్పిందో.

"ఇది ఏరా అండీ, కాలవా?"

నదండీ అన్నాను, కాస్త విసురుగానే.

"అయితే తిరగేసి గీశారండీ. ఏరు పోగేసుకుంటూ వస్తుంది. పంచుకుంటూ పోయేది కాలవ. మీరు ఏటి చేత కాలవ పని చేయిస్తున్నారు."

నేను స్క్రీన్ వంక చూశాను. నా ద్వీపంలో కొండ మీద ఒక్క నది పుడుతోంది, కిందికొచ్చేకొద్దీ రెండుగా, నాలుగ్గా, ఎనిమిదిగా చీలిపోతోంది. దాంట్లో తప్పేముందో నాకు తట్టనే లేదు. ఎలా తడుతుంది? నేను పెరిగింది కంకిపాడులో మా అమ్మమ్మ దగ్గర. మాకు నీళ్ళంటే బ్యారేజీ నుంచి వచ్చే పెద్ద కాలవ, అది లాకుల దగ్గర చీలితే చిన్న కాలవ, చిన్న కాలవ చీలితే బోదె, బోదెకి గండి కొడితే మడి. పుట్టి బుద్ధెరిగినప్పట్నుంచీ నీళ్ళు చీలడమే చూశాను గానీ కలవడం చూడలేదు. మా డెల్టా వాళ్ళు తప్ప ఇంకెవరూ చెయ్యలేని తప్పది. నాకు చచ్చేంత సిగ్గేసింది. ఆయనేమో నేను నొచ్చుకున్నానేమోనని ఇంకా కంగారుపడి, ఆఫీసులో చేరిన కొత్తల్లో కొండ ప్రాంతం ప్లాను మొదటిసారి ఇస్తే అది తలకిందులుగా ఉందనుకుని తనూ ఒక పూటంతా తిప్పుకున్నానని, ఎవర్నన్నా అడగడానికి మొహమాటపడ్డానని చెప్పారు.

మర్నాటి నుంచి నలభై రౌండ్లు కాస్తా పదయ్యాయి. మిగతా టైమంతా నా గదిలోనే. లోపలికొచ్చే ముందు మేడ మీద కుళాయి దగ్గర చేతులు కడుక్కుని, తువ్వాలుతో వేలు వేలూ తుడుచుకునేవారు. కుర్చీలో కూర్చుని, జేబురుమాలు నాలుగు మడతలు పెట్టి టేబుల్ మీద మణికట్టు కింద పెట్టుకునేవారు, చెమట కాయితానికి తగలకుండా. ఇక్కడ కాయితం లేదండీ అంటే, అవునవునంటూనే పెట్టుకునేవారు. స్క్రీన్ని ఎప్పుడూ ముట్టుకోలేదు. వేలు అంగుళం దూరంలో ఆపి గాల్లోనే చూపించేవారు. నేను మౌసు గబగబా కదిపితే మాత్రం, నెమ్మదండీ, ఇంకు ఆరనివ్వండి అనేవారు.

ఆయన పద్ధతి ఒక్కటే. నేను కొండలు గీయడం అవగానే, ఇప్పుడు వాన కురిపించండి అనేవారు. అంటే నిజంగా వాన గీయమని కాదు. కళ్ళు మూసుకుని, టేబుల్ మీద వేళ్ళతో చిటపటలాడించి, ఈ శిఖరం మీద పడ్డ చుక్క ఎటు పోతుందండీ అని అడిగేవారు. నేను వాలు చూసి చెప్పాలి. పక్కన పడ్డ చుక్క ఎటు? ఈ రెండూ ఎక్కడ కలుస్తాయి? కలిశాక బలం పెరిగిందా లేదా, పెరిగితే తిన్నగా కోసుకుపోతుంది, చదునులోకి రాగానే బద్ధకించి మెలికలు తిరుగుతుంది. సముద్రం వైపునుంచి వచ్చే మబ్బులు కొండకి ఇవతలే కురిసి పోతాయి కాబట్టి అవతల అడవి పెట్టద్దన్నారు. ఒక సరస్సు నుంచి నేను రెండు నదులు బయటికి తీస్తే, రెండో దానికి నీళ్ళెవరిస్తారండీ అన్నారు. నిండితే పల్లంగా ఉన్న అంచు నుంచే పొర్లుతుంది, పొర్లిన చోటే ఇంకా కోసుకుంటుంది, రెండో వైపుకి ఎందుకు పోతుంది? అందంగా ఉంటుందని పెట్టానండీ అన్నాను.

"నీళ్ళకి మొహమాటం ఉండదండీ. మనం అడిగామని పోవు."

ఈ మాట అన్న మనిషి ఒంట్లో మొహమాటం తప్ప ఇంకేమీ లేదు. ఒకసారి మంగలి షాపులో పొరపాటున ఆయన మీసం తీసేస్తే, బాగుందండీ అని చెప్పి వచ్చారు. ఇంకోసారి బంధువుల పెళ్ళికని వెళ్ళి, కల్యాణమండపంలో ఒక అంతస్తు తప్పెక్కితే అక్కడివాళ్ళు ఎదురొచ్చి చెయ్యి పట్టుకుని తీసుకుపోయారట. వాళ్ళు అంత ఆప్యాయంగా పిలిచాక కాదనడమెలాగని, పంక్తిలో కూర్చుని భోంచేసి, తెచ్చిన స్టీలు గిన్నెల సెట్టు ఆ పెళ్ళికూతురి చేతిలో పెట్టి వచ్చేశారు. అసలు పెళ్ళివాళ్ళు ఇప్పటికీ రాలేదనే అనుకుంటున్నారని మామ్మగారు నవ్వేవారు. మీ గురువుగారికి ఇంట్లో కుళాయి వాషరు మార్చడం చేతకాదు, నీకు నదులు నేర్పుతున్నారా అనీ అనేవారు. ఆ నవ్వు విని ఈయన మురిసిపోయేవారు, అదో తమాషా.

ఇసక కుప్ప సంగతి మా వీధిలో ఇంకా చెప్పుకుంటారు. నీళ్ళు కలుస్తూ కలుస్తూ ఎలా దిగుతాయో నాకు బొమ్మల్లో అర్థం కావట్లేదని ఆయనకి బెంగ పట్టుకుంది. ఎదురింటివాళ్ళు ఇంకో అంతస్తు వేసుకుంటూ వీధిలో ఇసక పోయించారు. ఒకరోజు సాయంత్రం అమ్మ మొక్కలకి పోసే జల్లు డబ్బా పట్టుకుని, ప్యాంటు పైకి మడిచి ఆ కుప్ప ముందు గొంతుక్కూర్చున్నారు. నన్ను పక్కన కూర్చోమన్నారు. పైనుంచి సన్నగా పోస్తుంటే ఇసకలో దారప్పోగుల్లా చారలు పడ్డాయి, రెండు కలిసి ఒకటి, అవి కలిసి ఇంకాస్త పెద్దది. కిందికొచ్చేసరికి అన్నీ ఒక్కటే ఏరు. చూశారా చూశారా అంటున్నారు చిన్నపిల్లాడిలా. ఇంతలో కూరల బండతను బండి ఆపి, ఏం పడిపోయిందండీ, ఉంగరమా అన్నాడు. పాపం అతను అంత ఆత్రంగా అడిగితే కాదనలేక, ఆ అవునండీ అనేశారు ఈయన. ఇంకేముంది, నలుగురు చేరారు. కుప్పంతా జల్లెడ పట్టినంత పని చేశారు. అరగంటయ్యాక మామ్మగారు కిందికొచ్చి, మీకు ఉంగరమెక్కడిదండీ అని అడిగేదాకా ఆయన నోరు విప్పితే ఒట్టు. నేను నవ్వలేక పొట్ట పట్టుకుని మెట్ల మీద కూలబడ్డాను.

అలా నెలరోజులు. ద్వీపం మొత్తం చెరిపి మళ్ళీ గీశాను. ఏర్లు పోగయ్యాయి, లోయలు తెగాయి, కలిసేచోట్ల ఊళ్ళు పెట్టాం. చివర్లో నది సముద్రంలోకి దిగేచోట నేను భయంభయంగా ఒకే పాయ గీస్తే ఆయన నవ్వారు. ఇక్కడ చీల్చుకోండి అమ్మాయి గారూ, ఎన్ని పాయలైనా సరే, ఇక్కడ అది మన ఊరు అన్నారు. ఆ పాయలన్నీ ఏదీ చూడకుండా గీశాను, అమ్మమ్మ వాళ్ళ ఊరి కాలవలు తల్చుకుంటూ.

మూడోసారి పంపినదానికి జవాబు రెండు రోజుల్లో వచ్చింది. నదులు చూసి మతి పోయిందన్నారు. దాంతోపాటు ఇంకో కబురు. కథ రాసేవాళ్ళు మనసు మార్చుకున్నారట, ఉత్తరాన ఉన్న అఖాతం నుంచి దక్షిణాన ఉన్న అఖాతానికి ఓడలు ద్వీపం మధ్య నుంచి పోవాలట. అందుకని నడిమి కొండల మీదుగా ఈ సముద్రం నుంచి ఆ సముద్రానికి ఒక నది గీసి సోమవారంలోగా పంపితే, మిగతా ఐదు ద్వీపాల కాగితాలు కూడా వెంటనే పంపిస్తామన్నారు. ఉగాది ఇంకా ఎనిమిది రోజులే ఉంది.

ఆ సాయంత్రం ఆయన చేతులు కడుక్కుని వచ్చేసరికి నేను ఆ నది సగం గీసేశాను. ఆయన చూశారు. జేబురుమాలు తీయలేదు. ఇది కొండెక్కి దిగుతోందండీ అన్నారు. సంగతి చెప్పాను. అలా పోదు కదండీ అన్నారు. నాకు తెలుసు పోదని. ఇన్నాళ్ళు నేర్చుకున్నాక ఎవరో చెప్పాలా? కానీ గుమ్మంలో బ్యాంకు పుస్తకాలు పట్టుకుని నాన్న నిలబడ్డట్టే ఉంది నాకు. చిరాగ్గా అనేశాను.

"ఆటే కదండీ. ఎవరు మునుగుతారు?"

ఆయన గాల్లో చూపించిన వేలు వెనక్కి తీసుకున్నారు. సరేనండీ, మీ ఇష్టం అని లేచి వెళ్ళిపోయారు. అమ్మ తెచ్చిన టీ అలాగే ఉండిపోయింది. మర్నాడు రాలేదు. నడవడానికి కూడా మేడెక్కలేదు. నాకు ముల్లు గుచ్చుకున్నట్టే ఉంది, అయినా నది పూర్తిచేశాను. చూడ్డానికి చాలా అందంగా వచ్చింది, అదే నా ఏడుపు.

ఆదివారం పొద్దున ఆరింటికే తలుపు కొట్టారు. రాత్రంతా నిద్ర లేనట్టుంది. కూర్చోమన్నా కూర్చోకుండా, గోడకి ఆనుకుని, ఎవరికో అప్పజెప్పే పాఠంలా చెప్పడం మొదలుపెట్టారు.

ఉద్యోగంలో చేరిన పదేళ్ళకి ఒక ప్లాను ట్రేసింగుకి వచ్చిందట. ఊరి పక్కనున్న వాగు ప్లాను. పెద్ద వానలొస్తే ఆ వాగు ఎంత మేర పరుచుకుంటుందో ఒక గీత ఉంటుంది, ఆ గీతకీ వాగుకీ మధ్య ఇళ్ళు కట్టకూడదు. పైఆఫీసరొకాయన గదిలోకి పిలిచి, కాఫీ ఇప్పించి, ఈ గీతని కొంచెం వాగు వైపుకి జరిపి ట్రేస్ చెయ్యవయ్యా అన్నాడట. ఎంత సార్ అంటే, వేలి మందం చాలన్నాడట. ఆయన ఎప్పుడూ ఆప్యాయంగా పలకరించే మనిషి, కూతురి పెళ్ళికి పిలిచిన మనిషి. ఈయన సరే సార్ అన్నారు. అంతే. వేలి మందం అంటే నేల మీద కొన్ని వీధులు. తర్వాత్తర్వాత అక్కడ కాలనీ లేచింది.

"నా గీత వల్లే అయిందని ఎవరూ అనరండీ. అందులో ఇంకా చాలామంది చేతులున్నాయి. కానీ ఆ గీత నా చేతిలోదే. తప్పని తెలిసే గీశాను."

రెండేళ్ళ కిందట వాగు ఊళ్ళోకొచ్చినప్పుడు ఆ కాలనీ నిలువెత్తు నీళ్ళలో మునిగింది. ఆ రోజులు మా అందరికీ గుర్తే, మా వీధివాళ్ళం కూడా పులిహోర పొట్లాలు కట్టి పంపాం. నీళ్ళు తీశాక ఆయన ఎవరికీ చెప్పకుండా బస్సెక్కి అక్కడికి వెళ్ళారట. గోడల మీద బురద గీత ఆయన తలకంటే పైన ఉందట. ఒకావిడ పిల్లల సర్టిఫికెట్లు పిట్టగోడ మీద ఆరబెట్టుకుంటూ, ఈయన్ని చూసి, కాస్త ఈ దుప్పటి ఆ కొస పట్టుకోండి బాబాయిగారూ, పిండుదాం అందట. పట్టుకున్నారట. దుప్పట్లు, బొంతలు, పిల్లల స్కూలు బట్టలు, అన్నీ ఆవిడతో కలిసి పిండారట. ఎవరు మీరు అని కూడా అడగలేదట ఆవిడ.

"అంతా అయ్యాక ఎక్కడో అడిగి టీ తెప్పించి ఇచ్చారండీ ఆవిడ. నేను చెప్దామనే వెళ్ళాను. నోరు రాలేదు. ఆ టీ తాగేసి వచ్చేశాను."

ఆయన ఏడుస్తున్నారు, కళ్ళు తుడుచుకోవాలని కూడా తెలియట్లేదు. మీరు ఆ నది గీయద్దని చెప్పే హక్కు నాకు లేదు, మీ పొట్టకూడు అది, కానీ ఈసారి చూస్తూ ఊరుకోలేక వచ్చానండీ అన్నారు. నేను వెళ్ళి ఆ నది ఉన్న లేయరు తీసేశాను. ధైర్యంతో చేశానని చెప్పను, ఆ మనిషి ముందు ఇంకేం చెయ్యగలను? తీసేశాను గానీ, తెల్లారితే సోమవారం.

అప్పుడాయన కుర్చీలో కూర్చున్నారు. జేబురుమాలు తీసి మడత పెట్టారు. చాలాసేపు ద్వీపం వంక చూసి, నది పోదు గానీ మనుషులు తవ్వుకోవచ్చు కదండీ అన్నారు. కొండల్లో అన్నిటికంటే పల్లంగా ఉన్నచోట కాలవ తవ్వి, ఇటు నాలుగు అటు నాలుగు లాకులు పెట్టి, వాటిల్లో నీళ్ళు నింపుతూ వదులుతూ ఉంటే పడవ మెట్టు మెట్టుగా ఎక్కుతుంది, మెట్టు మెట్టుగా దిగుతుంది. పై మెట్టుకి నీళ్ళు పక్క కొండ మీది చెరువు నుంచి తెచ్చుకోవచ్చు. నేను ఎగిరి గంతేశాను. నేను పెరిగింది లాకుల పక్కన, నాకు తట్టలేదు చూడండి! కంప్యూటర్లో గీసే డిజిటల్ పెన్ను ఆయన చేతికిచ్చి మీరే గీయండన్నాను. ఆయన పెన్ను పట్టుకుని అలాగే ఉండిపోయారు.

"దేన్ని చూసి గీయాలండీ?"

చూసి గీయడానికి ఏమీ లేదన్నాను, ఇది ఎక్కడా లేదు, మీరు గీస్తేనే ఉంటుంది అన్నాను. ఒకసారి కిందికి దిగి నీళ్ళు తాగి వచ్చారు. తర్వాత గీశారు. ఒక్క గీత చెరపలేదు. ఎనిమిది లాకులు, ప్రతి లాకు పక్కనా దాని తలుపులు తిప్పే లస్కరు ఉండటానికి ఒక గుడిసె, గుడిసె పక్కన ఒక మునగచెట్టు. మునగచెట్టు మ్యాపులో ఎవరికీ కనిపించదండీ అంటే, ఉండనివ్వండి, అతనికి కూరకి పనికొస్తుంది అన్నారు.

నది ఎందుకు పోదో ఒక పేజీ రాసి, దాంతో కాలవ పంపించాను. మంగళవారం జవాబొచ్చింది. కథ రాసేవాళ్ళకి లాకులు తెగ నచ్చాయట, లాకు కాపలావాణ్ణి కూడా కథలోకి తెచ్చుకుంటామన్నారు. ద్వీపాలు నాకే వచ్చాయి. ఉగాది పచ్చడి తిన్నాక నాన్న ఏమీ అనకుండా బ్యాంకు పుస్తకాలు తీసి అటక మీద పడేశారు. ట్రేసరు గారికి చెప్తే, మంచిదండీ, మంచిదండీ అన్నారు గానీ ఆయన మనసు ఇంకెక్కడో ఉంది.

ఆ సాయంత్రమే అడిగారు, మీకు ఇబ్బంది లేకపోతే రోజూ ఓ గంట ఆ పెన్ను వాడుకోవచ్చా అని. రెండు వారాలు పట్టింది. నేను పక్కన కూర్చుని లేయర్లు పెట్టడం, సేవ్ చెయ్యడం అంతే. ఆ వాగుని మొదట్నుంచీ చివరిదాకా జ్ఞాపకం నుంచి గీశారు, మలుపు మలుపూ. చుట్టూ మిట్టలు, పల్లాలు, ఇప్పుడున్న వీధులు. ఆఖర్న ఆ గీత, మొదట ఉన్నచోట. దాన్ని పెద్ద కాయితం మీద ప్రింటు తీయించి, చుట్టచుట్టి పట్టుకుని, నన్ను కూడా తోడు రమ్మన్నారు. ఆటోలో దారంతా ఆ చుట్టని ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నారు.

కాలనీలో ఆవిడ గుర్తుపట్టింది. దుప్పట్లు పిండిన బాబాయిగారు అంటూ కుర్చీ వేసింది. ఈయన కూర్చోలేదు, మంచినీళ్ళు కూడా వద్దన్నారు. ఆయన ఎవరి దగ్గరైనా ఏదైనా వద్దనడం అదే మొదటిసారి చూశాను నేను. కాయితం అరుగు మీద పరిచి, మొత్తం చెప్పేశారు. కాఫీ, ఆఫీసరు, వేలి మందం, అన్నీ. ఆవిడ వేలితో వీధి వెతుక్కుంది, ఇల్లు వెతుక్కుంది.

"అంటే మేం వాగులో ఉన్నామా?"

"అవునండీ. వాగులోనే ఉన్నారు."

"మరి ఆ రోజు టీ తాగారుగా. అప్పుడు చెప్పలేదే?"

చుట్టుపక్కలవాళ్ళు చేరారు. పక్కింటి అతను ఆ వరదలో ఆటో పోగొట్టుకున్నవాడు, నోటికొచ్చినట్టు తిట్టాడు. మీ ఇల్లు ఎక్కడ కట్టుకున్నావయ్యా, మిట్ట మీదేనా అన్నాడు. నాకు ఒళ్ళు మండి అడ్డం పోబోతే ట్రేసరు గారు చెయ్యి అడ్డుపెట్టారు. ఆయనకి సొంతిల్లే లేదని నేనెలాగో చెప్పబోయాను, అదీ చెప్పనివ్వలేదు. పావుగంట సేపు చేతులు కట్టుకుని నిలబడి అన్నీ పడ్డారు. ఆవిడ మాత్రం తిట్టలేదు, ఊరడించనూ లేదు. ఆ కాయితం నాకిచ్చి పొండి అంది, అంతే.

తిరిగొచ్చేటప్పుడు ఆటోలో ఆయన చొక్కా పైగుండీ విప్పుకుని గాలికి మొహం పెట్టారు. ఎలా ఉందండీ అని అడిగాను భయపడుతూ.

"హాయిగా ఉందండీ. బాగా తిట్టారు."

ఆ వానాకాలం ముందే వాళ్ళు పోర్షన్ ఖాళీ చేసి మంగళగిరిలో కూతురింటి పక్కకి మారిపోయారు. నేను నెలకో రెండు నెలలకో వెళ్ళి కొత్త ద్వీపాలు చూపించేదాన్ని. అక్కడ కూడా చేతులు కడుక్కునే వచ్చేవారు. ఆ కాలనీ మాట మళ్ళీ ఎత్తలేదు, ఆవిడ ఆ కాయితం ఏం చేసిందో తెలుసుకోవాలని మాత్రం ఉండేదనుకుంటాను. అడగడానికి మొహమాటం.

అందుకే మామ్మగారి ఫోన్ వచ్చాక, మంగళవారం పొద్దున నేనొక్కదాన్నే అక్కడికి వెళ్ళాను, ఆయన పోయారని ఆవిడకి చెబుదామని. ఆవిడ గుమ్మంలోనే ఉంది, నన్ను చూడగానే మొహం వికసించింది. లోపలికి లాక్కెళ్ళింది. ఆ మ్యాపు ముందుగదిలో గోడకి ఉంది, ప్లాస్టిక్ కవరు వేయించి. ఈ వీధిలో ఇల్లు చూడ్డానికి ఎవరొచ్చినా ముందు దీని దగ్గరికే తీసుకొస్తోందట. అద్దెకైనా సరే, కొనడానికైనా సరే. చూడండి, మీరు చూసే ఇల్లు ఇదిగో ఇక్కడుంది, నీళ్ళు ఇంతవరకూ వస్తాయి, తర్వాత మీ ఇష్టం అంటుందట. వీధిలో ఓనర్లంతా ఆవిడ మీద కత్తికట్టారట. పక్కింటి ఆటో అతను ఆవిడ వైపు మాట్లాడుతున్నాడట.

"కోపాలొస్తే రానీ అమ్మా. చిన్న పిల్లలున్న కుటుంబాలు రెండు వెనక్కి పోయాయి. బాబాయిగారికి చెప్పు, రెండు కుటుంబాలని. మర్చిపోకుండా చెప్పు."

ఆవిడ అంత సంతోషంగా చెబుతుంటే నాకు నోరు రాలేదు. చెప్తానండీ అన్నాను. అని, చెప్పులేసుకుని బయటికొచ్చేశాను. నాలుగిళ్ళు దాటాను. వీధి మలుపు దాకా వచ్చి అక్కడ ఆగిపోయాను, అడుగు ముందుకు పడలేదు. ఆవిడ ఇంకా గుమ్మంలో నిలబడి చెయ్యి ఊపుతోంది. వెనక్కి తిరిగి నడిచాను, ఆ నాలుగిళ్ళూ మళ్ళీ దాటి, ఆవిడ ఎదుట నిలబడి, ఆయన లేరండీ, గురువారం పోయారండీ అని చెప్పాను.